సువర్ణక్క లావు తంతి

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో దుప్పట్ల గది యాడుండాదని అడగండి, ఎవరైనా చెయ్యి చూపిస్తారు. ఆ గదిలో ఎవరుంటారని అడిగితే "సువర్ణక్క" అంటారు. అని ఊరుకోరు, "బాస్ వాయిస్తాదే, ఆయమ్మ" అని తగిలిస్తారు. వారానికి ఆరు దినాలు వార్డుల దుప్పట్లు మడతేసి పంపేది ఆమె ఉద్యోగం. ఏడో దినం చర్చిలో బాస్ గిటారు భుజాన తగిలించుకొని నిలబడేది ఆమె ప్రాణం. ఇరవై ఏడేళ్లుగా ఇదే వరస.

బాస్ అంటే ఏందో తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. చూసేదానికి గిటారు మాదిరే ఉంటాది గానీ మెడ పొడుగు, తంతులు లావు, నాలుగే ఉంటాయి. పాటకు పునాది అది. గిటారు వాయించేవాణ్ణి అందరూ చూస్తారు, ఫోన్లలో తీస్తారు. బాస్ వాయించేవాళ్లను ఎవరూ చూడరు. అది ఆగిపోయిన నాడు మాత్రం "ఏందబ్బా, పాట చప్పగా ఉండాదే" అని మొగాలు మొగాలు చూసుకుంటారు. లోకం తీరే అంత, పునాదికి దండేసినోడు యాడన్నా ఉండాడా?

ఆ బాస్ అంగట్లో కొన్నది గాదు. సువర్ణ నాయన రాజరత్నం అదే ఆసుపత్రిలో వడ్రంగి. చంకకర్రలు, మంచం కాళ్లు, బల్లలు చేసిన చెయ్యి. చర్చిలో బాస్ వాయించే మనిషికి వేలూరులో ఉద్యోగమొచ్చి, తన వాయిద్యం తను ఎత్తుకోని పొయ్యినాడు. "నేను వాయిస్తా నాయనా" అనింది ఇరవై ఏళ్ల సువర్ణ. ఆడపిల్లకు అంత బరువుది యాలమ్మా అని నలుగురూ నవ్వినారు. రాజరత్నం నవ్వలా. కూతురి ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టించి, చెవి సందులోని పెన్సిల్ తీసి, వేళ్ల చుట్టూ గీత గీసుకున్నాడు. చర్చిలో కాలు విరిగి మూలబడిన టేకు బెంచీని అడిగి తెచ్చుకున్నాడు. తంతులు బిగించే కీలు, మెడ మీద అడ్డంగా పరిచే ఫ్రెట్ కడ్డీలు, కరెంటు సామాన్లు బెంగుళూరు నుంచి తెప్పించినాడు. మూడు నెలలకు బాస్ తయారైంది. దాని మెడ సువర్ణ గుప్పిటకు సరిగ్గా పట్టేంత సన్నం. ఆమె చెయ్యి చిన్నది, చిటికెన వేలు మరీ పొట్టిది. ఇంకొకరి బాస్ పట్టుకుంటే ఆ వేలు సగం దూరంలోనే నిలిచిపోతాది. రాజరత్నం పోయి పదేళ్లయినా ఆ బెంచీ కొయ్య మాత్రం ఆమె భుజం దిగలా.

ఆ చర్చిలో ఒక వాడుక ఉండాది. ఆరాధనలో మొదటి కీర్తన సంఘంలో అందరికన్నా పెద్ద వయసు ఆడమనిషి ఎత్తాల. కీబోర్డు సుతి ఇయ్యకూడదు, గిటారు మీటకూడదు. ఆయమ్మ నోరు తెరిచి ఏ సుతిలో ఎత్తితే అదే సుతి. వాయించేవాళ్లు వెతుక్కోని పట్టుకోవాల. రాజరత్నం కూతురికి చెప్పిన మొదటి పాఠం గూడా ఇదే: "మొదటి లైను పెద్దామెది. దాంట్లో నువ్వు వేలు పెట్టొద్దు, చెవి పెట్టు. రెండో లైను నుంచి నీది."

పన్నెండేళ్లుగా ఎత్తతాండేది ఫ్లారెన్స్ అమ్మ. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగిన మనిషి, ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. ఊర్లో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టినారు కాబట్టి ఎంతటివాణ్ణయినా "ఒరే" అనే హక్కు ఆమెకుండాది. మొదట్లో ఆయమ్మ ఎఫ్ సుతిలో ఎత్తేది. వయసు పైబడే కొద్దీ గొంతు దిగింది. ఎఫ్ నుంచి డికి వచ్చింది, ఈ యేడు మట్టల ఆదివారానికి సికి వచ్చింది.

ఈడ సువర్ణకు చిక్కొచ్చి పడింది. నాలుగు తంతుల బాస్‌కు ఒక నేల ఉంటాది. అన్నిటికన్నా లావు తంతిని వేలు అదమకుండా ఉత్తగా మీటితే వచ్చే స్వరమే ఆ నేల, ఎఫ్‌కు ఒక మెట్టు కింద. దానికి కింద దారి లేదు. పాట ఎఫ్‌లో ఉంటే బాస్ కిందనే నిలబడి మోస్తాది. డికో సికో దిగితే ఆ స్వరం కింద దొరకదు, పైకెక్కి మీటుకోవాల. పాట కిందికి దిగతాంటే పునాది మిద్దెక్కి కూర్చున్నట్టు! సువర్ణకు ఇది రెండేళ్లుగా ముల్లు మాదిరి గుచ్చుకుంటానే ఉండాది. ఎవరికీ చెప్పలా.

ఆమె ఎవరికీ చెప్పనిదాన్ని అందరి ముందరా చెప్పేదానికి విన్సెంట్ వచ్చినాడు.

విన్సెంట్ ఈ ఊరోడే. ముప్ఫైమూడేళ్లు, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం, ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తాండాడని వచ్చి ఉండాడు. చర్చి పాస్టరు అయ్యగారు పాటలు పాడే క్వాయర్ బాధ్యత అతని చేతిలో పెట్టినాడు. చెడ్డోడు గాదు, తొందర జాస్తి, అంతే. ఒక ఆదివారం ఆరాధన అయిపోయినాక నల్లపెట్టె తెరిచి ఆరు తంతుల బాస్ బయటికి తీసినాడు. నిగనిగలాడతా ఉండింది, దాని మెడ చపాతీ పీటంత వెడల్పు. మామూలు నాలుగు తంతులకు పైన ఇంకో లావు తంతి, కింద ఇంకో సన్న తంతి. స్పీకర్‌కు తగిలించి ఆ లావు తంతిని ఒక్కసారి మీటినాడు.

సువర్ణకు ఆ స్వరం చెవిలో గాదు, కడుపులో మోగింది. రెండేళ్లుగా తాను వెతుక్కుంటాండేది ఇదే. అసూయ అనుకుంటే అనుకోండి, ఆమెకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"అక్కా, ఇది బి, సికి కింది మెట్టు. నీ బాస్‌లో లేనిది" అన్నాడు విన్సెంట్.

"విన్నాలే నాయనా. ఒక్కసారి ఇట్లియ్యి."

ఇచ్చినాడు. ఆమె చెయ్యి ఆ మెడ చుట్టూ సగం గూడా తిరగలా. చిటికెన వేలు గాల్లోనే నిలిచిపాయె. పైగా ఒక తంతి మీటితే అదిమి పట్టని మిగతావి తమంతట తామే గుంయ్‌మని మూలగతాండాయి. ఆరు తంతులున్నప్పుడు ఒకటి వాయించి ఐదింటి నోరు మూయాల, అదొక విద్య. సువర్ణ దాన్ని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు చెప్పినాడు విన్సెంట్ అసలు మాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలు మూడూ ఏటా కలిసి కోత పండగ చేసుకుంటాయి. ఈసారి కుప్పంలో, ఇంకో రెండు వారాలే ఉండాది. పాటలు నడిపించే వంతు మదనపల్లెది. "ఈసారి బాస్ నేను వాయిస్తానక్కా. నువ్వు క్వాయర్‌లో నిలబడి పాడు. కొత్త పాటలన్నీ కిందికి పోతాయి, నీ నాలుగు తంతులకు అందవు. ఒక్క ఈసారే గాదు, ఇంక ముందు గూడా ఇట్లే చేద్దాం."

చర్చిలో ఇంకా జనం ఉండారు. అందరూ విన్నారు. సువర్ణ నోట్లో నాలుక లేని మనిషని అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఆ పొద్దు ఊరుకోలా.

"ఆ కింది స్వరాలు నా బాస్‌లో పలికిస్తే?"

"ఎట్ల పలుకుతాయక్కా?"

"పలికిస్తే అంటాండా."

విన్సెంట్ నవ్వినాడు. "పలికిస్తే నువ్వే వాయించు. వచ్చే శనివారం పుంగనూరులో మూడూళ్ల ప్రాక్టీసు గదా, ఆడ వినిపించు."

మాటైతే అనేసింది. ఇంటికి పోతానే మొగుడికి చెప్పుకుంది. భర్త ఎబినేజర్ ఆసుపత్రి వ్యాన్ డ్రైవరు, నవ్వకుండా ఒక పూట గూడా ఉండలేని మనిషి. సంగతంతా విని, "ఆరు తంతులంటనా? దేవుడు ఆదాముకు చేతికి ఐదు వేళ్లే గదా ఇచ్చింది, ఆరోది దేంతో మీటతాడంట?" అన్నాడు. ఆమె నవ్వలా. అప్పుడు గొంతు తగ్గించి, "సరే, మనమూ అట్లాంటిది కొందామా?" అన్నాడు.

"బాస్ అయితే అంగట్లో దొరుకుతాది. చెయ్యి యాడ దొరుకుతాదప్పా?"

"ఉన్న బాసే ఉండాల, లేని స్వరం రావాల. కుండలో కూడు కుండలోనే ఉండాల, బిడ్డ దుడ్డుగా ఉండాల!" అని వంటింట్లోకి పొయ్యినాడు.

సువర్ణ ముందు లావు తంతినే వదులు చేసి చూసింది. బిగువు పోయి అది వానకు తడిసిన దండెం తాడు మాదిరి వేలాడింది, మీటితే దడదడమనింది గానీ పలకలా. మళ్లీ బిగించింది. ఐదో తంతికి మెడలో చోటు లేదు. నాలుగే ఉండాల, వాటిల్లో లావుది ఒకటి జాస్తి కావాల. ఆడ నిలిచిపాయె ఆలోచన. మరుసటి దినం దుప్పట్లు మడతేస్తా ఉంటే, ఉన్నట్టుండి చేతులు ఆగినాయి. ఇరవై ఏడేళ్లలో ఆ చివరి సన్న తంతిని తాను ఎన్నిసార్లు ముట్టింది? ఇంట్లో వాడని గది మాదిరి అది ఉండాదంటే ఉండాది. ఆ గది పీకేస్తే పోలా? సన్నది తీసేసి, మిగతా మూడింటినీ ఒక్కో చోటు కిందికి జరిపి, పైన ఖాళీ అయిన చోట ఆ లావు తంతిని కూర్చోబెడితే? నాలుగుకు నాలుగూ ఉంటాయి, నేల మాత్రం కిందికి దిగతాది.

సాయంత్రమే విన్సెంట్ ఇంటికి పోయి తంతులు అడిగింది. ఒప్పుకోవాల, పిల్లోడి మనసు మంచిది. వాడని ఆరు తంతుల పాకెట్టు ఒకటి చేతిలో పెట్టి, "పట్టవక్కా, నీ దాంట్లో పట్టవు" అని గూడా చెప్పి పంపినాడు.

నిజంగానే పట్టలా. బాస్ మెడ చివర తంతులు కూర్చునే సన్న పలక ఒకటి ఉంటాది, నట్టు అంటారు. దాంట్లో తంతికొక గాటు. రాజరత్నం దాన్ని ఎద్దు కొమ్ముతో చేసినాడు, ప్లాస్టిక్ అరిగిపోతాది, కొమ్ము అరగదని. ప్రతి తంతీ ఇప్పుడు తనకంటే సన్నదాని గాటులో కూర్చోవాల, కాబట్టి నాలుగు గాట్లనూ వెడల్పు చెయ్యాల. నాయన పెట్టెలోని గుండ్రటి ఆకురాయి తీసి అరగదీసేది మొదలుపెట్టింది. మూడు గాట్లు కుదిరినాయి. నాలుగోది, ఆ లావు తంతిది, శనివారం ముంచుకొస్తాండాదనే తొందరలో ఇంకొంచెం, ఇంకొంచెం అని రాకింది. తంతి కూర్చోబెట్టి మీటితే జుయ్‌మని మొదటి ఫ్రెట్టును రాసుకుంది. గాటు లోతైపోయింది. కొమ్మును తగ్గించొచ్చు గానీ పెంచేదెట్ల? నాయన చేసిన నట్టు తన చేతుల్తోనే చెడిపాయె. సువర్ణ ఆకురాయి కింద పెట్టి భోరున ఏడ్చింది.

ఎబినేజర్ ఆ పొద్దు ఎగతాళి చెయ్యలా. "రేపు బుధవారం, పెద్దమండ్యంలో ఆసుపత్రి క్యాంపు. వ్యాన్లో నాతోపాటు రా" అన్నాడు.

పెద్దమండ్యం మండలంలో వెంకటరమణప్ప అని ఒక రైతు. వానుంటే చెనక్కాయ, లేకుంటే గొర్రెలు, అదీ ఆయన సేద్యం. పోయినేడు భార్య ఈరమ్మకు ఆపరేషనైతే ఇరవై దినాలు ఆసుపత్రిలో ఉండిపొయ్యినారు. ఈరమ్మ చలికి వణకతాంటే సువర్ణ అడక్కుండానే రెండో కంబళి తెచ్చి కప్పింది. అప్పటి నుంచి చెనక్కాయలు ఉడకబెడితే ఒక వాటా దుప్పట్ల గదికి వస్తాది. ఆయన వసారాలో చూరుకు ఎద్దు కొమ్ములు రెండు వేలాడతా ఉంటాయని క్యాంపులకు తిరిగే ఎబినేజర్‌కు తెలుసు.

సువర్ణ మొహమాటంగా అడిగింది. "వెంకటరమణప్పన్నా, ఆ కొమ్ములో ఇంత ముక్క ఇస్తావా?"

"దేనికమ్మా?"

ఆమె చెప్పింది. ముసలామె గొంతు దిగిపోయేది, బాస్ పైకెక్కేది, లావు తంతి కూర్చునేదానికి చోటు కావాల్సింది, అంతా. ఆయన గడ్డం గోక్కుంటా ఓపిగ్గా విన్నాడు. తర్వాత నిచ్చెనేసి ఒక కొమ్ము దించి పంచెతో దుమ్ము తుడిచినాడు.

"పద్నాలుగేళ్లు నాతో మడక దున్నినాది ఇది. ఏ బరువు పెట్టినా మెడ దించలా. నీ తంతి ఎంత లావుదైనా మోస్తాదిలే, తీసుకో" అన్నాడు. అని మొగం అటు తిప్పుకున్నాడు. ఈరమ్మ లోపల నుంచి "మొదుట్లో కొయ్యి సువర్ణమ్మా, ఆడ గట్టిగా ఉంటాది" అని కేకేసింది.

రెండు సాయంత్రాలు పట్టింది. ఈసారి ఒక్కో గాటుకు పదిసార్లు తంతి పెట్టి చూసుకుంది. లావు తంతి కొస కీ రంధ్రంలో దూరకుంటే ఎబినేజర్ డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి రంధ్రం పెద్దది చేసినాడు. శుక్రవారం దీపాలు పెట్టే పొద్దుకు తంతులు నాలుగూ బిగిసినాయి. ఆంప్లిఫయర్ వేసి ఉత్త తంతిని మీటింది.

అల్మారాలో స్టీలు పళ్లాలు గలగలమన్నాయి. వీధిలో వ్యాన్ కడుగుతాండిన ఎబినేజర్ తడి చేతులతో లోపలికి పరిగెత్తుకొచ్చినాడు. "ఏమ్మే, మన సందులోకి లారీ ఏమన్నా వచ్చిందా?"

సువర్ణ నవ్వింది. ఐదు దినాల తర్వాత నవ్వింది. "లారీ గాదప్పా, మా నాయన బెంచీ" అనింది.

ఇంతవరకూ వింటే కథ సుఖాంతమయినట్టే ఉండాది. కానీ పుంగనూరు ప్రాక్టీసు ఇంకా మిగిలుండాది గదా! శనివారం మూడూళ్ల క్వాయర్లూ చేరినాయి. విన్సెంట్ పాట మొదలుపెట్టించినాడు. సువర్ణ మీటింది, పాట ఒక దారి, బాస్ ఒక దారి. ఎందుకంటే తంతులు జరిగినాయి గానీ వేళ్లు జరగలా. ఇరవై ఏడేళ్లుగా ఏ చోట ఏ స్వరం ఉండేదో వేళ్లు ఆ చోటికే పోతాండాయి, ఆడ ఇప్పుడు ఇంకో స్వరం కాపురం పెట్టి ఉండాది. కొత్తింట్లో చేరినోళ్లు కరెంటు స్విచ్ కోసం పాతింటి గోడను తడిమినట్టు తడుముకుంది పాపం. రెండోసారీ తప్పింది, మూడోసారీ తప్పింది. కుప్పం ఆడవాళ్లు పాటల పుస్తకాలు మొగానికి అడ్డం పెట్టుకోని నవ్వినారు. ఆడలేక మద్దెల ఓడు అని చెప్పుకునేదానికి గూడా లేదు. మద్దెల బ్రహ్మాండంగా ఉండాది, ఆడేదే ఓడు.

విన్సెంట్ పక్కకు పిలిచినాడు. "అక్కా, స్వరం ఉండాది, ఒప్పుకుంటాండా. ఇంత బాగా పలుకుతాదని నేను అనుకోలా. కానీ ఒక్క వారంలో ఐదు పాటలు నీ చేతికెక్కవు."

"మొదటి కీర్తన ఎవరు వాయిస్తారు?" అనింది సువర్ణ.

విన్సెంట్ మొగం చిట్లించినాడు. అదొక్కటే అతనికి తలనొప్పి. ఏ సుతిలో వస్తాదో ముందు తెలీదు, ప్రాక్టీసు చేసేదానికి లేదు. "అది నువ్వే పట్టుకో. ఫ్లారెన్స్ అమ్మ ఏ సుతిలో ఎత్తుతాదో దేవునికే ఎరుక. రెండో పాట నుంచి నేను ఎక్కుతా. ఒకటి మాత్రం అక్కా, దాంట్లో గూడా ఇట్లే అయితే మళ్లీ బాస్ మాట ఎత్తొద్దు."

"సరే" అనింది. ఇరవై ఏడేళ్ల చాకిరీ ఇప్పుడు ఒక్క కీర్తన మీద నిలబడింది.

సోమవారం పొద్దున దుప్పట్ల మీద వార్డు పేర్లు రాసే చెరగని సిరా తీసుకొని, ప్లాస్టర్ ముక్క మీద తంతుల కొత్త పేర్లు రాసి బాస్ మెడకు అంటించింది. దుప్పటి మడత పెట్టినప్పుడల్లా ఎడమ చేతి వేళ్లు అంచు మీద కొత్త చోట్లు నొక్కుతాండాయి. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఫ్లారెన్స్ అమ్మ ఇంటికి. "అమ్మా, ఎత్తు." ఆయమ్మ ఎత్తేది, సువర్ణ మొదటి లైను విని రెండో లైనుకు అందుకునేది. ఒక దినం సి, ఒక దినం దానికి కొంచెం పైన. రెండుసార్లు ఎత్తితే రెండుసార్లూ వేరే.

"నాకు మీ స్కేలు గీలు తెలీదే. నోరు తెరిస్తే ఏదొస్తే అది" అని కసురుకునేది ముసలామె. "గొంతుకు గూడా మోకాళ్లుంటాయి సువర్ణా. ఎక్కమంటే ఎక్కలేదు, దిగమంటే దిగతాది."

గురువారం మాత్రం కాఫీ తాగతా తాగతా, ఎప్పుడూ అనని మాట అనింది. "రెండేళ్లుగా నేను ఎత్తినప్పుడు కింద ఏమీ తగలడంలా. బాయి అంచున ఒంటికాలితో నిలబడ్నట్టుండాది. ఈ పండగ అయిపోతే ఇంకొకర్ని చూసుకోమని అయ్యగారికి చెప్దామనుకుంటాండా."

సువర్ణ బాస్ మెడ మీది ప్లాస్టర్ ముక్క అప్పుడే పీకి పారేసింది. "ఇంకోసారి ఎత్తమ్మా" అనింది. ఆ దినం ఏడుసార్లు ఎత్తించింది. ఏడుసార్లూ దొరికింది.

కుప్పంలో చర్చి చాలదని బయట రేకుల పందిరి వేసినారు. ముందర కోత కానుకలు కుప్పలుగా ఉండాయి: రాగి మూటలు, టమోటా బాక్సులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి పక్కన ఇంత పెద్ద స్పీకర్లు. మూడూళ్ల జనం కిక్కిరిసి ఉండారు. సువర్ణ తెల్ల చీర కొంగు బిగించి బాస్ తగిలించుకుంది. పక్కనే విన్సెంట్, ఆరు తంతులతో, రెండో పాటకు సిద్ధంగా.

ఫ్లారెన్స్ అమ్మను మైకు ముందరికి నడిపించుకొచ్చినారు. ఆడ జరిగిందొక పొరపాటు. కుప్పం కీబోర్డు అబ్బాయికి మదనపల్లె వాడుక తెలీదు. పెద్దావిడకు సాయం చేద్దామని ముందుగానే ఎఫ్‌లో సుతి ఇచ్చినాడు. మదనపల్లె వాళ్లందరికీ గుండె గుభేలుమంది. ఫ్లారెన్స్ అమ్మ మెల్లగా తల తిప్పి చూసింది.

"నాయనా, నీకు తొందరగా ఉంటే నువ్వే పాడు."

జనం గొల్లుమన్నారు. అబ్బాయి చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఆయమ్మ కండ్లు మూసుకుంది. నోరు తెరిచి ఎత్తింది. సి గాదు, సికి కింద. ఇంతవరకూ ఎప్పుడూ దిగనంత కిందికి దిగింది ఆ గొంతు. సన్నగా వణకతాండాది. మగవాళ్లు అందుకోబోయి సుతి దొరక్క ఆగిపొయ్యినారు. డ్రమ్ముల మీద పుల్లలు గాల్లో నిలిచినాయి. విన్సెంట్ సువర్ణ వైపు చూసి "వాయించక్కా" అని కండ్లతో తొందరపెట్టినాడు.

సువర్ణ తల అడ్డంగా ఊపింది. మొదటి లైను పెద్దామెది.

చేతులు కదపకుండా వింది. లైను చివర ఆ గొంతు వచ్చి కూర్చున్న చోటు వింది. ఆ చోటు ఏదో తెలిసిపోయింది. బి! ఏ వేలూ ఏ ఫ్రెట్టు మీదా పెట్టే పని లేదు. ఉత్త తంతి. వెంకటరమణప్ప ఎద్దు కొమ్ము మీద కూర్చున్న ఆ లావు తంతి.

రెండో లైనుకు మీటింది.

అబ్బా, ఏం మోగిందని! రేకుల పందిరి గుంయ్‌మనింది. కాళ్లు కట్టిన కోళ్లన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకోని కొక్కొక్కోమన్నాయి. ముందు వరసలో కూర్చున్నోళ్లు కాళ్ల కింద నేల చూసుకున్నారు. ఫ్లారెన్స్ అమ్మ కండ్లు తెరిచింది. మైకు కడ్డీని గట్టిగా పట్టుకోని ఉండిన చెయ్యి వదిలేసింది. నడుము నిటారు చేసింది. మూడో లైనుకు ఆ గొంతులో వణుకు లేదు. ఎనభై ఎనిమిదేళ్ల ముసలామె, కింద రాతిబండ ఉండాదని తెలిసినట్టు అడుగేసింది. మగవాళ్లకు సుతి దొరికింది, డ్రమ్ములు దిగినాయి, కీబోర్డు అబ్బాయి ఒక్కో వేలితో వెతుక్కోని వచ్చి చేరినాడు. రెండో చరణానికి జనమంతా లేచి నిలబడినారు. పుస్తకాలు అడ్డం పెట్టుకోని నవ్విన కుప్పం ఆడవాళ్లే అందరికన్నా గట్టిగా పాడినారు. సువర్ణ వేళ్లు ఒక్కచోట గూడా పాత గోడ తడమలా. పాట కిందికి పోతే కిందికి పోయింది, ఇంకా కిందికి పోతే ఆడ గూడా ఉండింది. ఎబినేజర్ వెనక నిలబడి పక్కనున్న ముక్కూమొగం తెలియని మనిషిని పట్టుకోని "నా పెండ్లామయ్యా, నా పెండ్లాం" అంటాండాడు.

పాట అయిపోయింది. రెండో పాటకు విన్సెంట్ ఎక్కాల. అతను మాత్రం ఆరు తంతుల మీదా చెయ్యి అదిమి పట్టుకోని అట్లే నిలబడినాడు.

"అక్కా, ఆ తంతి నా దగ్గర మూడేళ్లుగా ఉండాది. ఒక్కసారి గూడా ఇట్ల మోగలా" అన్నాడు. "అన్నీ నువ్వే వాయించు."

"అన్నీ ఎట్లప్పా? రెండో పాటలో పైన సన్న తంతుల పని ఉండాదే. అవి నా దాంట్లో లేవు, నేను పీకేసినా. పైన నువ్వు వాయించు, కింద నేనుంటా."

అట్లే వాయించినారు. ఒక బెంచీ బాస్, ఒక బెంగుళూరు బాస్, పక్కపక్కన. మూడూళ్లలో ఇప్పటికీ ఆ పండగ మాట వస్తే, ఆ రెండు బాసుల మాట రాకుండా పోదు.

మధ్యాన్నం భోజనాల కాడ సువర్ణ సంచిలోంచి పాకెట్టు తీసి విన్సెంట్‌కు ఇచ్చింది. దాంట్లో వాడకుండా మిగిలిన సన్న తంతులు రెండు ఉండాయి. అతను నవ్వి జేబులో వేసుకొని, "వచ్చే ఆదివారం ఎప్పటి మాదిరే ఎనిమిదింటికే రా అక్కా. నువ్వు రాకుంటే మొదలుపెట్టేది లేదు" అన్నాడు.

ఫ్లారెన్స్ అమ్మ సంగటి ముద్ద పక్కన పెట్టి సువర్ణ చెయ్యి పట్టుకుంది. ఆ చిన్న చెయ్యి, పొట్టి చిటికెన వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంత కిందికి పొయ్యినా దొరికినావు గదే! సూడు సువర్ణా, అయ్యగారికి చెప్తానన్నానే, ఇంక చెప్పనులే. అయినా వచ్చే యేడుకు ఈ గొంతు ఇంకా దిగితే?"

"దిగనీమ్మా. నువ్వు ఎత్తు. కింద నేనుండాను."